తెర మీద కోడలి మాట

ఆమె ఏం పని చేస్తుందని ఎవరడిగినా అత్తగారిది ఒకటే జవాబు: "మా కోడలు మిషన్లకి మాటలు నేర్పుతుంది." అడిగినవాళ్లు మర్యాదకి తలూపి, ఇంకో ప్రశ్న వేసే ధైర్యం చాలక, ఎండల సంగతి ఎత్తుకుంటారు.

నిజానికి ఆ జవాబులో వంక పెట్టడానికేమీ లేదు. సాఫ్ట్‌వేర్ పైకి ఎంత గంభీరంగా కనిపించినా లోపల దానికి వచ్చినవి అంకెలు మాత్రమే. మన పార్శిల్ ఎక్కడుందో దానికి తెలుసు. కానీ దాని లెక్కలో అది 'మూడు'. ఇంట్లో గుమ్మం వైపు చూస్తూ కూర్చున్న మనిషి ఆ మూడుని పట్టుకుని ఏం చేసుకుంటాడు? అందుకని మూడు అంటే 'దారిలో ఉంది' అని ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆ ఎవరో ఒకరు ఈమే. చెప్పుల షాపు పైన ఉన్న ఆఫీసులో, నీళ్ల డబ్బా పక్క కుర్చీలో కూర్చుని, పెళ్లికి ముందు నుంచీ ఆమె అంకెలకి తెలుగు చెబుతోంది. ఒకటో అంకెకి మొదటి వరసలో మాట, రెండో అంకెకి రెండో వరసలో మాట. చూడ్డానికి ఇంతే.

భాషలో పెద్ద చదువే చదివింది. పట్టా పుచ్చుకున్న రోజున ఇక గ్రంథాలు రాయడమే తరువాయి అనుకుంది. తీరా చూస్తే మొదటి రచన బట్టలుతికే మిషన్ మీద అచ్చయింది. 'నానుతున్నాయి', 'ఉతుకుతోంది', 'పిండుతోంది', 'అయిపోయింది'. అంతే కావ్యం. కానీ ఆ కావ్యానికి ఉన్నంతమంది పాఠకులు ఏ మహాకావ్యానికీ లేరనీ, వాళ్లు దాన్ని రోజూ పారాయణ చేస్తారనీ, అదీ తడి చేతులతో చేస్తారనీ ఆమె తనకి తాను చెప్పుకుంది. కొన్నాళ్లకి నమ్మింది కూడా.

పెళ్లయి కాపురానికి వచ్చాక ఆమె మాటలకి జీతం లేని పరీక్షాధికారి దొరికింది. అత్తగారే. సాయంత్రం వంటింట్లో కోడలు పళ్లేలు తుడుస్తూ మాట వదిలేది. అత్తగారు తీర్పు చెప్పేవారు.

"అత్తయ్యా, బస్సు టికెట్ మిషన్ మీద 'లావాదేవీ విఫలమైంది' అని వస్తే మీకేం అర్థమవుతుంది?"

"ఎవరిదో సంబంధం తప్పిపోయిందని అర్థమవుతుంది."

"మరి 'టికెట్ రాలేదు, మళ్లీ నొక్కండి' అంటే?"

"టికెట్ రాలేదని. మళ్లీ నొక్కాలని. అలా రాయడానికి నీకు వారం పట్టిందా అమ్మాయ్?"

"పట్టింది."

"మీ ఆఫీసువాళ్లు మంచివాళ్లు."

ఎదురుగా ఇలా అనే మనిషి, కోడలు ఇంట్లో లేనప్పుడు, ఇరుగుపొరుగువాళ్లు వస్తే చాలు, బట్టల మిషన్ దగ్గరికి తీసుకెళ్లేవారు. "అదుగో, 'పిండుతోంది' అని పడిందా? అది మా కోడలి మాటే," అని చూపించేవారు. అది చూపించడానికి ఉతికిన దుప్పట్లనే మళ్లీ ఉతికిన సందర్భాలున్నాయని భర్త చెప్పగా ఆమెకి తెలిసింది. తెలియనట్టే ఉండిపోయింది. అత్తగారి పరువు కూడా ఇంట్లో వస్తువే, జాగ్రత్తగా వాడుకోవాలి.

భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. మితభాషి. రోజంతా ఇరుకు గొయ్యిలో నిలబడి తీగలతో మాట్లాడి వచ్చేవాడికి ఇంట్లో మాటలు మిగలవు. అత్తాకోడళ్లు మాటల మీద వాదించుకుంటుంటే మధ్యలో కూర్చుని అన్నం తినేవాడు. ఎవరైనా తన వైపు చూస్తే, "రెండూ బాగున్నాయి," అనేవాడు. ఆ కాపురం అంత నిక్షేపంగా సాగడానికి ఆ రెండు మాటలే కారణమని ఆమె గట్టి నమ్మకం.

ఆఫీసులో ఆమెని 'డిక్షనరీ మేడం' అంటారు. ఆమె మాటల్ని ప్రోగ్రాంలో పెట్టే కుర్రాడిని 'క్రమశిక్షణ' అంటారు. అతను పెన్నుల్ని ఎత్తుల వారీగా నిలబెడతాడు. మధ్యాహ్నం డబ్బా విప్పితే ముందు మూతలన్నీ ఒక వరసలో పేర్చి గానీ ముద్ద ముట్టడు. ఆమెకి అతనంటే అభిమానం. అతని వరసల పిచ్చే తర్వాత కొంప ముంచబోయింది.

వాళ్లిద్దరూ కలిసి చేసిన పనుల్లో ఆమెకి ఎక్కువ గర్వం తెచ్చింది ఆసుపత్రి తెర. ఆపరేషన్ థియేటర్ బయట హాల్లో, రోగి టోకెన్ నంబరు పక్కన, లోపల ఏం జరుగుతోందో ఆ తెర చెబుతుంది. 'వచ్చారు', 'సిద్ధం చేస్తున్నారు', 'ఆపరేషన్ జరుగుతోంది', 'మెలకువ వస్తోంది', 'వార్డుకి మార్చారు', 'ఇంటికి పంపించారు'. ఒకటి నుంచి ఆరు దాకా. వీటిలో 'మెలకువ వస్తోంది' అన్నది అత్తగారు ఒక్క వంకా పెట్టకుండా ఒప్పుకున్న ఏకైక మాటగా ఆ ఇంటి చరిత్రలో నిలిచిపోయింది.

కొంతకాలానికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. తెర మీద 'ఆపరేషన్ జరుగుతోంది' చాలాసేపు కదలకుండా ఉంటోంది. బయట కూర్చున్నవాళ్లు కంగారుపడి కౌంటర్ మీద పడుతున్నారు. అసలు పని అయిపోయి కుట్లు వేసే ఘట్టాన్ని విడిగా చూపిస్తే వాళ్ల మనసు కుదుటపడుతుంది. అంటే మూడుకీ నాలుగుకీ మధ్య ఇంకో మెట్టు కావాలి. దానికో మాట కావాలి.

ఆమె ఆలోచనలో పడింది. 'ముగింపు దశ' అనుకుంది. ఎవరి ముగింపు? కొట్టేసింది. 'మూసివేస్తున్నారు' అనుకుంది. పొద్దుగూకాక కిరాణా షాపు గుర్తొచ్చింది. ఒకరోజు భోజనం అయ్యాక మగతలో 'శస్త్రచికిత్సాంత సంధాన ప్రక్రియ' అని రాసి, మెలకువ వచ్చాక సిగ్గుపడి తుడిచేసింది. 'కుట్లు వేస్తున్నారు' అన్న మాట మొదటి రోజే తట్టింది. ఇలాంటప్పుడు మాటని ఇంటికి పట్టుకెళ్లి పరీక్షాధికారి ముందు పెట్టడం ఆనవాయితీ. ఈసారి పెట్టలేదు. ఎందుకంటే అదే వారంలో భర్తకి కడుపునొప్పి వచ్చింది. పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు, కోసి తీసెయ్యాలన్నారు. అదే ఆసుపత్రి. కొడుకుని కొయ్యబోతున్నారని ఆ తల్లి అప్పటికే సగం అన్నం వదిలేస్తోంది. ఆవిడ ముందు కుట్లు అనే మాట ఎత్తడానికి కోడలికి నోరు రాలేదు.

"మేడం, కొత్త మెట్టుకి మాట రాలేదు," అన్నాడు క్రమశిక్షణ.

"ఆలోచిస్తున్నాను నాయనా."

"మొన్న కూడా ఆలోచిస్తున్నానన్నారు."

"మొన్నటి ఆలోచనే, ఇంకా అవలేదు. మాట లేకుండా పంపితే ఏమవుతుంది?"

"ఏముంది, ఆ ఒక్క మెట్టు దగ్గర మాటకి బదులు వట్టి అంకె పడుతుంది. నాలుగు అని."

"అంకె చూసి జనం హడలిపోతారు. పంపకు. ఆయన ఆపరేషన్ అయ్యాక నేనే వచ్చి ఇస్తాను."

"సరే మేడం. అన్నయ్య గారిని అడిగానని చెప్పండి," అన్నాడు.

ఆమె సెలవు పెట్టింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. లోపలికి తీసుకెళ్లేముందు భర్త లిఫ్టు తలుపుల వైపు చెవి ఒగ్గి, "కింద రోలర్ అరిగింది," అని మెల్లగా అన్నాడు. ఆ పూటకి అదే అతని వీడ్కోలు ప్రసంగం. తలుపులు మూసుకున్నాయి.

హాల్లో నీలం కుర్చీలు, ఫినాయిల్ వాసన, చేపలు లేని చేపల తొట్టి, గోడ మీద తెర. అత్తగారు తెరకి ఎదురుగా కుర్చీ చూసుకుని, వేడినీళ్ల ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు రెండుసార్లు తుడిచి, చదవడం మొదలుపెట్టారు. ఆవిడ మనసులో చదువుకునే మనిషి కాదు.

"సిద్ధం చేస్తున్నారట!" హాలంతటికీ వినిపించింది. కాసేపటికి, "ఆపరేషన్ జరుగుతోందట."

"నేనూ చూస్తున్నాను అత్తయ్యా."

"నువ్వు రాసినదాన్ని నువ్వు చూసేదేముంది? నన్ను చూడనీ."

ఆ తర్వాత చాలాసేపు తెర కదల్లేదు. అత్తగారూ కదల్లేదు. ఫ్లాస్కు మూత మాత్రం తిప్పుతూ ఉన్నారు, మళ్లీ బిగిస్తూ ఉన్నారు. జనం కౌంటర్ మీద ఎందుకు పడతారో కోడలికి ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. తన బల్ల దగ్గర కూర్చుని 'జరుగుతోంది' అని రాసినప్పుడు అది చిన్న మాట. ఇక్కడ అది ఎంతకీ తరగడం లేదు.

ఉన్నట్టుండి అత్తగారు లేచి నిలబడ్డారు. "మెలకువ వస్తోంది! చూశావా? మావాడు దేనికీ ఆలస్యం చెయ్యడు. డాక్టరు చెప్పినదానికన్నా ముందే లేచాడు!"

ఆ సంబరం అయ్యేలోపే 'వార్డుకి మార్చారు' అని పడింది. ఇద్దరూ సంచీ, ఫ్లాస్కు, దుప్పటి పోగేసుకుని పై అంతస్తులో వార్డుకి పరుగు లాంటి నడకతో వెళ్లారు. మంచం దొరికింది. దాని మీద దుప్పటి ఒక్క ముడతైనా లేకుండా పరిచి ఉంది. మంచంలో మనిషి లేడు.

"ఇంకా రాలేదమ్మా," అంది నర్సు.

"వచ్చాడు. తెర మీద ఉంది," అన్నారు అత్తగారు.

"తెర మీద ఉండొచ్చు. మంచం మీద లేరు."

కిందికి దిగి కౌంటర్ దగ్గరికొచ్చారు. కౌంటర్ ఉద్యోగి తెర వైపు చూసి, "వార్డులో ఉన్నారు," అన్నాడు. వార్డులో లేడని చెబితే మళ్లీ తెర వైపే చూసి, ఈసారి ఇంకాస్త నిదానంగా, "వార్డులోనే ఉన్నారు," అన్నాడు. థియేటర్‌కి ఫోన్ చేశాడు. అది మోగుతూనే ఉంది గానీ ఎవరూ ఎత్తలేదు.

అత్తగారు కుర్చీలో కూర్చున్నారు. ఇప్పుడు గొంతు బయటికి రావడం లేదు. "అమ్మాయ్, అక్కడ లేడంటున్నారు. ఇక్కడ లేడంటున్నారు. మరి నా బిడ్డ ఎక్కడున్నట్టు? నువ్వు రాసిందేగా. నువ్వు చెప్పు."

జీతం లేని పరీక్షాధికారి ఇన్నేళ్లలో వేసిన ప్రశ్నలన్నిటిలోకీ కష్టమైనది అదే. తను ఏరికోరి రాసిన మాటని తనే నమ్మి పైకి పరిగెత్తింది. అది అబద్ధమైంది.

అప్పుడే వెనక కుర్చీలోంచి ఒక టాక్సీ డ్రైవర్ విసుక్కున్నాడు. "దీని మాట నమ్మకండమ్మా. మా నాన్నని ఇంటికి పంపించారంటోంది. ఆయన పైన వార్డులో నా మీద కేకలేస్తూ జావ తాగుతున్నాడు. ఇప్పుడే చూసొచ్చాను."

ఆమె తలెత్తి తెరని మొత్తం చదివింది, ఈసారి అందరి టోకెన్లూ. అడుగున ఎవరిదో టోకెన్ పక్కన మాట లేదు. వట్టి అంకె ఉంది. 7.

ఆమె మాటలు ఆరే. ఏడు ఎక్కడి నుంచి వచ్చింది?

ఫోన్ తీసింది. "నాయనా, కొత్త మెట్టు పంపేశావా?"

"పంపాను మేడం," అన్నాడు క్రమశిక్షణ ఉత్సాహంగా. "ఆసుపత్రివాళ్లు తొందరపెట్టారు. మిమ్మల్ని ఈ సమయంలో కదపడం బాగోదని మీ వరసల కాగితం ఎలా ఉందో అలాగే పెట్టేశాను. కుట్ల దగ్గర మాత్రం నాలుగు అని అంకె పడుతుంది, రెండు రోజులేగా అనుకున్నా. అన్నయ్య గారికి ఎలా ఉంది?"

"కుట్లని ఎక్కడ పెట్టావు? చివరా, మధ్యలోనా?"

"మధ్యలోనే మేడం. ఆపరేషన్ తర్వాత, మెలకువకి ముందు. చివర పెడితే వరస పాడవదూ?"

"నా కాగితంలో దానికి ఖాళీ వరస ఉందా?"

అవతల బల్ల మీద పెన్నులు దొర్లిన చప్పుడు. "లేదు మేడం. ఉంటుందనుకున్నాను."

లేదు. రాయని మాటకి చోటెందుకని ఆమె ఖాళీ ఉంచలేదు. ఆమె పొందిక ఆమెది, అతని క్రమం అతనిది. పంక్తిభోజనంలో మధ్యన కొత్త మనిషి వచ్చి కూర్చుంటే అతని తర్వాతివాళ్లంతా ఒక్కో చోటు పక్కకి జరిగారు. వడ్డించిన విస్తళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రతివాడి ముందూ పక్కవాడి విస్తరి. చివరివాడికి నేలే మిగిలింది. ఆ నేలే ఏడు.

ఆమె అత్తగారి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అత్తయ్యా, తెర ఒక మెట్టు ముందుకెళ్లిపోయింది. కుట్ల నుంచి అన్నీ అంతే. మెలకువ అని పడినప్పుడు ఆయనకి కుట్లు వేస్తున్నారు. వార్డుకి అని పడిందంటే ఇప్పుడు మెలకువ వస్తోంది. ఆయన లోపలే ఉన్నారు. లేస్తున్నారు."

చెప్పాక గుర్తొచ్చింది, ఏ మాటని ఆవిడ ముందు పలకకూడదని వారం రోజులుగా దాచుకుందో ఆ మాటే పలికేసింది.

అత్తగారు కోడలి ముఖంలోకి చూశారు. "కుట్లు వేశారా?"

"వేశారు."

"అంటే లోపల పని అయిపోయినట్టేగా?"

"అయిపోయినట్టే."

ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలారు. "ఆ మాట ముందే రాసి చావచ్చుగా అమ్మాయ్! ఇందాకట్నుంచీ ఆపరేషన్, ఆపరేషన్ అని నా ప్రాణం తోడేసింది నీ తెర. కుట్లంటే భయమెందుకు? విప్పినదాన్ని మళ్లీ కుడుతున్నారనేగా!"

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "విన్నావా నాయనా?"

"విన్నాను మేడం. 'కుట్లు వేస్తున్నారు'. నాలుగో వరసలో పెడుతున్నాను. సరయ్యేసరికి కాస్త టైమ్ పడుతుంది."

"పట్టనీ," అని ఆమె లేచి కౌంటర్ ఉద్యోగికి సంగతంతా చెప్పింది. అతను తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మళ్లీ తెర వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి తెరని అనుమానించడం అతనికి బాధగా ఉన్నట్టుంది. ఆ అబద్ధాల్ని ఆర్పేస్తానని స్విచ్ వైపు చెయ్యి చాపాడు.

"ఆర్పకయ్యా!" అన్నారు అత్తగారు. "అబద్ధమో సుబద్ధమో, ఎంత అబద్ధమో తెలిసిందిగా. నేను చదువుతాను."

అప్పటి నుంచి ఆ హాల్లో ప్రకటనల శాఖ ఆవిడ చేతిలోకి వెళ్లిపోయింది. తెర ముందు నిలబడి, ఫ్లాస్కుతో చూపిస్తూ, కోడలు పక్కనుండి అందిస్తుంటే, టోకెన్ల వారీగా సరిదిద్దారు. "నీ భార్యకి మెలకువ రాలేదు నాయనా, కంగారుపడకు, కుట్లేస్తున్నారు. నీదేమిటమ్మా? ఆపరేషన్ జరుగుతోందా? అది నిజమే, మూడు దాకా నిజమే. కూర్చో, నీళ్లు తాగు. ఆ ఏడు ఎవరిది? ఎవరూ లేరా? అయితే వాళ్లు ఇంటికెళ్లిపోయారు, ఇంకెవరుంటారు!"

టాక్సీ డ్రైవర్ నవ్వాడు. "మరి మా నాన్న సంగతేంటి పెద్దమ్మా?"

"మీ నాన్న వార్డులో జావ తాగుతున్నాడు. నువ్వే చెప్పావుగా. మళ్లీ నన్నడుగుతావేం?"

కోడలు మాత్రం ఒక్క టోకెన్ నుంచి కళ్లు తిప్పలేదు. లెక్క సరైనదే. వేళ్ల మీద మళ్లీ మళ్లీ చూసుకుంది. అయినా లెక్క సరిపోవడం వేరు, మనిషిని కళ్లారా చూడటం వేరు. మొదటిసారి ఆమెకి తన మాటల మీద కాక, వాటి వెనకనున్న అంకెల మీద ఆశ పుట్టింది. ఆరు రావాలి. ఆరు వస్తే చాలు.

వచ్చింది. భర్త టోకెన్ పక్కన మాట మారింది.

అత్తగారు గొంతెత్తి చదివారు. "మావాణ్ని ఇంటికి పంపించేశారు!" తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని లాగారు. "ఇంకా చూస్తావేం? పద, వార్డుకి!"

హాలంతా నవ్వింది.

మంచం మీద ఈసారి మనిషి ఉన్నాడు. పెదవులు ఎండిపోయాయి. కళ్లు సగమే తెరిచాడు. భార్య వంగి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"ఏ అంతస్తు?" అన్నాడు.

ఆమెకి నవ్వూ, కళ్లనీళ్లూ ఒకేసారి వచ్చాయి. "రెండోది. వార్డులో ఉన్నారు."

"నమ్మకురా," అన్నారు అత్తగారు, దుప్పటి అంచు కాళ్ల కిందికి దోపుతూ. "నువ్వు ఎప్పుడో ఇంటికెళ్లిపోయావు. మీ ఆవిడే రాసింది."

అతను తల్లి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఎక్కడున్నదీ తెలియకపోయినా ఇంట్లో వాదన నడుస్తోందని అర్థమైనట్టుంది.

"రెండూ బాగున్నాయి," అని కళ్లు మూసుకున్నాడు.

అతన్ని ఇంటికి పంపే రోజుకి తెర బాగుపడింది. క్రమశిక్షణ స్వయంగా పళ్లు తీసుకొచ్చి, మంచం పక్కన బల్ల మీద సైజుల వారీగా పేర్చి, క్షమాపణ చెప్పి వెళ్లాడు. డిక్షనరీ మేడం తను కూడా చెప్పింది. ఇకమీదట రాయని మాటకీ ఒక వరస ఖాళీగా ఉంచుతానని ఒప్పుకుంది.

కాగితాల పనంతా అయ్యాక ముగ్గురూ కిందికి దిగారు. లిఫ్టు రోలర్ మార్చారని భర్త సంతోషించాడు. బయట టాక్సీ నిలబడి ఉంది. అత్తగారు మాత్రం హాల్లో తెర ముందు ఆగిపోయారు.

"రండి అత్తయ్యా, ఆయన నిలబడలేరు."

"ఉండు. ఇంకా 'వార్డుకి మార్చారు' అనే ఉంది. అది మారనీ."

"మనం వెళ్లిపోతున్నాంగా. దానితో పనేముంది?"

"పోయినసారి అది ముందెళ్లింది, మనం వెనకపడ్డాం. ఈసారి ఇద్దరం ఒకేసారి వెళదాం."

అంటూ మొదటి వరసలో కూర్చున్నారు. పక్క కుర్చీలో ఒకాయన ఎవరో చెమటలు పట్టి, తెరకేసి గుడ్లప్పగించి చూస్తున్నాడు. అతని టోకెన్ పక్కన 'కుట్లు వేస్తున్నారు' అని పడింది. ముఖం పాలిపోయింది.

అత్తగారు ఫ్లాస్కు మూత తిప్పి, నీళ్లు పోసి అతని చేతికిచ్చారు. "తాగు నాయనా. లోపల పని అయిపోయింది, కుట్టేస్తున్నారంతే. ఇంక లేవడమే." తర్వాత వెనక నిలబడ్డ కోడలికి వినిపించకుండా గొంతు తగ్గించి అన్నారు. "ఆ మాట మా కోడలిదే."

తగ్గించినా ఆవిడ గొంతు ఆవిడదే కదా. హాలంతా విన్నది. కోడలు విననట్టే భర్త భుజం కింద చెయ్యి సర్దుకుని, తెర మారేదాకా అక్కడే నిలబడింది.